చిలుమెక్కిన కంచుబిళ్ల



గ్రంథాలయ వార్షికోత్సవమునకు లోహముల ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. 1914 లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నెలకొన్ననాటి నుండియు ఈ సీమలో గ్రంథాలయమనగా పుస్తకముల బీరువా మాత్రమే కాదు. ఊరి చరిత్రకు సంబంధించిన తాటాకు కట్టయైనను, రాగిరేకైనను, పొలమున దొరకిన నాణెమైనను తెచ్చి అప్పగింపదగిన చోటుగ జనులు దానిని భావించిరి. అచ్చుపడిన అక్షరము కాగితముమీద నున్నను కంచుమీద నున్నను చదువదగినదే. కాగితమునకు చెదపురుగెట్లో కంచునకు చిలుమట్లు. చెదను చూచిన వెంటనే గ్రంథపాలకుడు ఉలికిపడును. చిలుమును చూచినప్పుడు మాత్రము చింతపండు తెప్పించును. ఈ ప్రసంగము ఆ చింతపండును గూర్చియే.

విజయవాడ పాతబస్తీలో, అనగా వన్ టౌనున, ఇత్తడి, రాగి, కంచు సామానుల వ్యాపారము చిరకాలముగా సాగుచున్నది. కొత్త బిందె కొనవచ్చిన గృహిణి పాత చెంబును, విరిగిన గంటను, మూతలేని మరచెంబును తూకమునకు వేసి ఖరీదులో తగ్గించుకొనును. ఆ పాతసామాను మూటలో ఒక్కొక్కప్పుడు అమ్మమ్మ డబ్బీలోని నాలుగు కాణీలు, పేరు చెక్కిన బిళ్ల ఒకటియు కలిసిపోవును. త్రాసునకు అక్షరము తెలియదు. కిలో కింత చొప్పున లెక్కకట్టిన పిమ్మట అవి మూసలోనికి పోవును. ఇట్లు కరగిపోయినవి పోగా మిగిలినవి కొన్ని మెరుగుపెట్టుటవలన పోవును. కరగినదానికంటె మెరుగుపెట్టినదే ఎక్కువ విచారకరము. కరగించినవాడు ఎరుగక కరగించెను. మెరుగుపెట్టినవాడు ప్రేమతో పాడుచేసెను.

బిళ్ల యనుమాట తెలుగువారికి క్రొత్తది కాదు. నడుమున దట్టీకి ఇత్తడి బిళ్ల తగిలించుకొని కచేరీలో తిరిగిన ఉద్యోగిని బిళ్లబంట్రోతనిరి. ఆ బిళ్లయే అతని అధికారము. టోకెనన్నను ఇంచుమించు ఇదియే. లోహపు విలువ స్వల్పము, దానిపై నున్న గుర్తు విలువ అధికము. ఆ లెక్కకు కాణీయు టోకెనే. వెండి రూపాయ తన బరువునుబట్టి చెల్లుబాటగుచుండగా కాణీ ప్రభుత్వపు మాటనుబట్టి చెల్లెను. కనుక కాణీపై గుర్తు చెరిగినచో మిగులునది చిటికెడు లోహము మాత్రమే.

కృష్ణా డెల్టాలో ఇట్టివి ఎన్ని తరములవి దొరకునో చూడుడు. ఈస్టిండియా కంపెనీవారు ఉత్తర సర్కారులకై 1794 లో ఇంగ్లండునందలి సోహో టంకసాలలో ఆవిరియంత్రములపై రాగినాణెములు ముద్రింపించిరి. రూపాయకు నలువదియెనిమిది యని వానిపై ఇంగ్లీషున వ్రాసియుండును. 1797 లోను అట్టివే వచ్చినవి. వీనినే జనులు డబ్బులనిరి. ఒక రాగినాణెపు పేరు నేడు సమస్త ధనమునకును పేరైనది. 1807 ప్రాంతమున మద్రాసు టంకసాలవారు వేసిన కొన్ని నాణెములపై తెలుగు, తమిళ లిపులుకూడ గలవు. 1906 లో భారత ప్రభుత్వము కాణీని రాగినుండి కంచునకు మార్చినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున లోహము పొదుపుచేయుటకై 1943 లో నడుమ రంధ్రముగల కాణీ వచ్చి 1947 వరకును ముద్రితమైనది. చిల్లికాణీ యన్నపేరుతో ముసలివారందరును దాని నెరుగుదురు. దానిని పిల్లల మొలత్రాటికి గ్రుచ్చిన తల్లులును గలరు. 1957 ఏప్రిల్ 1 వ తేదీన దశాంశ నాణెములు వచ్చినప్పుడు మొదటి నయాపైసయు కంచుదే.

ఇన్ని తరముల బిళ్లలు ఒకే మట్టిలో పడియున్నవి. కృష్ణ దాటు రైలుబండి కిటికీనుండి భక్తులు విసరిన కాణీలు నదిలో పడినవి. పండ్రెండేండ్ల కొకసారి వచ్చు పుష్కరములలో, 2016 ఆగస్టున వచ్చిన పుష్కరములలోను, ఘట్టములవద్ద యాత్రికులు నాణెములు నీట విడిచిరి. నదీజలమున పడినవి కొంత మేలు, అది మంచినీరు గనుక. బందరు దెసను ఉప్పుగాలి తగులు పొలములలో, చవుడు నేలలలో పూడినవాని గతి వేరు. ఏల వేరో తెలిసికొన్నచో తక్కిన విషయమంతయు దానంతట తెలియును.

కంచనగా రాగియు తగరమును కలిసిన లోహము. ఇత్తడియనగా రాగియు జింకును. గంటలపోతకు తగరము ఎక్కువ వేయుదురు, నూటికి ఇరువదికి పైగా. నాణెపు కంచులో తగరము స్వల్పము. ఇంగ్లండులో 1860 నుండి పెన్నీలకు వాడిన కంచులో రాగి 95 పాళ్లు, తగరము 4 పాళ్లు, జింకు 1 పాలు. పేరుకు కంచైనను ప్రవర్తనలో అది ఇంచుమించు రాగియే. పాత రాగికాణీ తూకము దాదాపు 6.5 గ్రాములు. 1906 తరువాతి కంచుకాణీ తూకము దాదాపు 4.9 గ్రాములు. ముఖముపై ఏమియు కనబడని బిళ్లనుకూడ సన్నని త్రాసుమీద నుంచి ఏ తరముదో ఊహింపవచ్చును. అయితే చిలుము కొంత బరువు చేర్చును, కొరుకుడు కొంత తీయును. త్రాసు సాక్షియే గాని తీర్పరి కాదు.

ఇనుమునకు పట్టునది తుప్పు, రాగికంచులకు పట్టునది చిలుము. కిలుమనియు అందురు. కళాయి పోయిన ఇత్తడిగిన్నెలో పులుసు నిలువయుంచరాదని ప్రతి యింటను తెలిసిన సంగతియే. ఆ తెలివి వంటయింటితో ఆగిపోవుట చిత్రము. పులుసు గిన్నెను తినివేయునని ఎరిగిన చేతులే ఆ పులుపునే తెచ్చి నాణెమునకు రుద్దుచున్నవి.

చిలుమంతయు శత్రువు కాదు. నేలలో చిరకాలమున్న కంచుపై ముందుగా ఎర్రని గోధుమవన్నె పొర ఏర్పడును. అది రాగి ఆక్సైడు. దానిమీద ఆకుపచ్చని గట్టిపొర, కొన్ని చోట్ల నీలిపొర. ఇవి రాగి కార్బొనేటులు. ఈ పొరలు నునుపుగా, గట్టిగా, లోహమునకు అంటుకొనియుండును. ఇవి లోహమునకు కప్పిన దుప్పటివంటివి. లోపలి లోహమును తదుపరి నాశనమునుండి కాపాడును. ఇంకొక ముఖ్యవిషయము గలదు. నాణెము ముద్రించిన నాటి అసలు ఉపరితలము నేడు లోహములో లేదు, చిలుము పొరలో నున్నది. అక్షరపు అంచు, కిరీటపు గీత, సంవత్సరపు అంకె, ఇవన్నియు లోహము చిలుముగా మారునప్పుడు ఆ చిలుములోనే నిలిచిపోయినవి. పొర నంతటిని ఊడ్చివేసినచో లోపల తళతళలాడు గుల్లలోహము కనబడును. అక్షరము కనబడదు. అది పొరతోపాటు కడుగునీటిలో పోయినది.

చింతపండు, నిమ్మదబ్బ, పుల్లమజ్జిగ, ఇటుకపొడి, బూడిద, ఇసుక చేయునది ఇదియే. వన్ టౌను పూజాసామానుల దుకాణమున గంటకు ఇది తగిన సంస్కారమే. గంట మ్రోగుటకు, మెరయుటకు ఉన్నది. ప్రతి పండుగకును దానిని తోముదురు. బిళ్ల చదువబడుటకు ఉన్నది. నాణెములు సేకరించువారిలోను మెరిసిన పాతనాణెమునకు తక్కువ ధర పలుకుటకు కారణమిదియే. పచ్చని గట్టిపొర ప్రాచీనతకు సాక్ష్యము. తోమిన నాణెము సాక్ష్యము చెరిపిన దస్తావేజు.

మరియొక చిలుము గలదు. అదియే రోగము. ప్రాచీనవస్తు పరిరక్షకులు దానిని కంచురోగమనియే పిలుతురు. మట్టిలోని ఉప్పు, అనగా క్లోరైడు, నీటితో కూడి మెల్లమెల్లగ పొరలలోనికి దిగి లోహమును చేరును. అక్కడ రాగితో కలిసి క్యూప్రస్ క్లోరైడుగా మారి, పచ్చపొర క్రింద మైనమువలె కూర్చుండును. నేలలో నున్నంతకాలము గాలి చాలక అది నిద్రించును. నాగటిచాలున బిళ్ల బయటపడినప్పుడు, లేక ఎవరో పైపొరను రుద్ది పగులగొట్టినప్పుడు, తేమయు ప్రాణవాయువును లోపలికి పోవును. అప్పుడది లేతపచ్చని పొడిగా పొంగును. పొంగుచు హైడ్రోక్లోరికామ్లమును విడుచును. ఆ యామ్లము క్రొత్త రాగిని కొరికి మరల క్యూప్రస్ క్లోరైడును పుట్టించును. అది మరల పొడియగును. ఈ చక్రమును ఫ్రెంచి రసాయనవేత్త బెర్తెలో 1890 ల దశకమున వివరించెను. ఉప్పు ఖర్చుకాదు. అదే ఉప్పు మరల మరల పనిచేయుచు, తేమ దొరకినంతకాలము, బిళ్లను లోపలినుండి తినుచుండును. బందరు ఉప్పుగాలికి, చవుటినేలకు ఇంత శక్తి యున్నది. పిల్లవాని మొలత్రాటి చిల్లికాణీకి చెమటలోని ఉప్పే చాలును.

రోగమును పోల్చుట కష్టము కాదు. గట్టిపొర ముదురుపచ్చగా, గోటికి లొంగక యుండును. రోగము లేతపచ్చగా, సున్నపు పొడివలె, చుక్కలుచుక్కలుగా లేచును. తుడిచిన కొలది నాటికే మరల వచ్చును. క్రింద చిన్న గుంత పడియుండును. సందేహమున్నచో మూతగల గాజుసీసాలో తడిదూదియుంచి, దానికి తగులకుండ బిళ్లను ఒకటిరెండు దినములుంచుదురు. రోగమున్నచో క్రొత్త పచ్చచుక్కలో, చెమటబిందువులో కనబడును. ఇది రోగమును రెచ్చగొట్టి చూచు పరీక్ష. అవసరమునకు మించి చేయదగదు. రోగమున్న బిళ్లను తక్కిన వానినుండి వేరుచేసి పొడిచోట నుంచుట మొదటి కర్తవ్యము. దానినుండి రాలు ఉప్పుపొడి ప్రక్క బిళ్లకును చేటుచేయును.

ఇక చేయవలసిన పని. మొదటిపని ఏమియు చేయకుండుట. బిళ్ల చేతికి వచ్చినప్పుడు అది ఎక్కడ, ఏ పొలమున, ఎంత లోతున, వేరే ఏ వస్తువులతో దొరకెనో వ్రాసికొనవలెను. దొరకిన చోటు తెలియని నాణెము సగము మూగది. వ్యాసము, మందము, తూకము వ్రాయవలెను. రెండు ముఖములకును ఛాయాచిత్రములు తీయవలెను. ఎదుటినుండి గాక ప్రక్కనుండి వెలుతురు పడునట్లు తీసినచో కంటికి కనబడని అక్షరములు నీడలవలన లేచివచ్చును. ఈ రోజులలో ఎవరి చేతనైనను ఫోను గలదు. చీకటిగదిలో ఒక లైటును బల్ల ఎత్తున నుంచి, బిళ్లను నాలుగు దిక్కులకు త్రిప్పి నాలుగు చిత్రములు తీయుటకు పైసా ఖర్చులేదు. పెక్కు సందర్భములలో ఇంతమాత్రమున బిళ్ల చదువబడును. అప్పుడిక తోమవలసిన అవసరమే యుండదు.

మట్టి గట్టిగా పట్టియున్నచో పొడిగానే తీయవలెను. మెత్తని కుంచె, చెక్కిన వెదురుపుల్ల, ముండ్లపందిముల్లు, ఇవి వాడుదురు. ముండ్లపందిముల్లు ప్రపంచపు పెద్ద ప్రదర్శనశాలల బల్లలమీదను కనబడు పనిముట్టే. అది లోహముకంటె మెత్తన, మట్టికంటె గట్టి. ఇనుపసూదిని నేర్పరులు మాత్రమే, భూతద్దము క్రింద, వాడుదురు. మొదట అక్షరములు లేని చోట ఒక ఆవగింజంత మేర ప్రయత్నించి చూచి, పొర కదలుచున్నట్లు తోచినచో ఆపివేయవలెను. ఆపుట ఈ పనిలో కఠినమైన భాగము. ఒక అంకె కనబడగానే తక్కిన మూడును చూడవలెనని చేయి తొందరపడును.

ఉప్పును బయటికి తీయుట ప్రయోగశాలల పని. అయినను దాని వరుస తెలిసియుండుట మంచిది, ఏమి చేయరాదో తెలియును గనుక. మొదటి ప్రపంచయుద్ధకాలమున బ్రిటిష్ మ్యూజియమువారు తమ వస్తువులను లండను భూగర్భ రైలుసొరంగములలో దాచిరి. యుద్ధానంతరము తీసిచూడగా తేమవలన పెక్కు కంచువస్తువులు పాడైయుండెను. అందుచే 1920 లో అలెగ్జాండరు స్కాటను రసాయనవేత్త ఆధ్వర్యమున అక్కడొక ప్రయోగశాల వెలసెను. చాకలిసోడాయు తినుసోడాయు కలిసిన సోడియం సెస్క్వికార్బొనేటు ద్రావణమున వస్తువును నానవేయు పద్ధతి ఆ కాలమున ప్రచారమునకు వచ్చినది. నూరు పాళ్ల నీటికి ఐదు పాళ్లు చొప్పున కలిపి, మార్చుచు, వారములు గాదు, నెలలు నానవేయుదురు. క్లోరైడు రావటము ఆగిన పిమ్మట శుద్ధజలమున కడుగుదురు. దీనిలోను దోషమున్నది. చిరకాలము నానినచో మంచిపొరయు కొంత కరగును, రంగు మారును.

దక్షిణదేశమున ఈ శాస్త్రమునకు పుట్టినిల్లు మద్రాసు ప్రభుత్వ మ్యూజియము. అమరావతి శిల్పములతోపాటు ఆంధ్రదేశపు కంచువిగ్రహములును అచ్చట చేరినవి. ఎగ్మూరునందలి ఆ శాలలోని విగ్రహములకు కంచురోగము సోకుటచే 1930 లో అక్కడ రసాయన పరిరక్షణశాల నెలకొల్పబడినది. అందు పరమశివన్ గారు విద్యుద్విశ్లేషణ పద్ధతిచే పెక్కు విగ్రహముల నుద్ధరించిరి. వస్తువును క్షారద్రావణమున ముంచి విద్యుత్తు ఋణధ్రువమునకు కలిపినచో క్లోరైడు లోహమును వీడి బయటికి వచ్చును. లోపల గట్టిలోహమున్న పెద్దవిగ్రహమునకు ఆ కాలమున అది ప్రాణదానమే. పలుచని బిళ్లకు మాత్రమిది ప్రమాదము. విద్యుత్తు మంచిపొర చెడ్డపొర యను భేదము నెరుగదు, అన్నిటిని ఊడ్చివేయును. ఇంటర్నెట్టులో చూచి బ్యాటరీతో, తీగలతో ఇంటిలో ఈ పని చేయువారు నేడు కొందరున్నారు. సాయంకాలమునకు వారి చేత మిగులునది ఎర్రని రాగిరేకు ముక్క.

1967 లో మాడ్సనను పరిరక్షకుడు బెంజోట్రయజోలను పదార్థమును ఈ పనికి ప్రతిపాదించెను. ఆల్కహాలులో నూటికి మూడు పాళ్లు కలిపి వస్తువును నానవేసినచో అది రాగితో కూడి కంటికి కనబడని పలుచని తెరగా నిలుచును. ఆపై అక్రిలిక్ వార్నిషుగాని మైనముగాని పూయుదురు. చర్మమునకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక చేతొడుగులతో, గాలియాడు చోట మాత్రమే వాడదగినది. పిల్లలు తిరుగు గ్రంథాలయమున దీనికి చోటులేదు. రోగమున్న బిళ్లను ఇట్టి సాధనములున్నచోటికి పంపుటయే తగును.

గ్రంథాలయము చేయగలిగినది, చేయవలసినది, నిలువ. ప్రయోగశాలలో నెలలపాటు చేసిన చికిత్స యంతయు ఒక చెమ్మబీరువాలో ఒక వానకాలమున వ్యర్థమగును. గాలిలో తేమ నూటికి నలువదిరెండు మొదలు నలువదియారు పాళ్లకు లోబడినచో రోగము సామాన్యముగ కదలదని పరిశోధకులు తేల్చిరి. డెల్టాలో శ్రావణభాద్రపదములందు గాలి ఆ మేరను ఎప్పుడో దాటియుండును. గదినంతటిని ఎండబెట్టుట అసాధ్యము. డబ్బాను ఎండబెట్టుట సాధ్యము. గట్టిమూతగల పాలిథిన్ డబ్బాలో ఒక చిన్న గుడ్డసంచితో సిలికాజెల్లు గింజలుంచినచో చాలును. రంగుమారు గింజలైనచో తేమ పీల్చిన సంగతి తామే చెప్పును. అప్పుడు వానిని వేడిచేసి ఆరబెట్టి మరల వాడవచ్చును. బిళ్లను మాత్రము పొయ్యిదగ్గరకు తేరాదు.

చెక్కపెట్టె చూడ ముచ్చటగా నుండును గాని కొన్ని కలపలనుండి ఆమ్లపు ఆవిరులు వెలువడును. మూసిన పెట్టెలో అవి లోహమునకు చేటు. రబ్బరుబ్యాండులో గంధకమున్నది, బిళ్లను నల్లపరచును. పి.వి.సి. తొడుగులు కాలక్రమమున ఆమ్లమును విడుచును. వార్తాకాగితముతో చుట్టరాదు. పసుపు కుంకుమలు పెట్టరాదు. ఈ చివరిమాటకు కొందరు నొచ్చుకొనవచ్చును. భక్తితో పెట్టినదైనను ఆ పొడి తేమను పట్టియుంచును. చేతితో ముట్టవలసివచ్చినచో అంచులు పట్టుకొనవలెను. వ్రేలిముద్రలోని ఉప్పు కొన్నాళ్లకు నాణెముమీద ముద్రగా దిగును.

సముద్రగర్భమునుండి వచ్చినవి దీనికి మంచి నిదర్శనము. మద్రాసు రాజధానికై 1808 సంవత్సరపు తారీఖుతో ముద్రించిన పది కాసుల, ఇరువది కాసుల రాగినాణెములను మోసికొని బయలుదేరిన అడ్మిరల్ గార్డ్నరను ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరమున గుడ్విన్ ఇసుకదిబ్బలమీద మునిగినది. ఈ దేశమునకు రావలసిన ఆ నాణెములు దాదాపు నూట డెబ్బదియైదేండ్లు ఉప్పునీటిలో నుండి 1980 ల దశకమున లక్షలసంఖ్యలో పైకి వచ్చినవి. అంగళ్లలో అవి నేడును అమ్ముడగుచున్నవి. ఉప్పు పూర్తిగా పోక ముందే పొడిచేసి అమ్మినవాటిపై పచ్చపొడి లేచు ప్రమాదమున్నది. వానిలో నొకటి తెలుగువారి యింటికి చేరినచో దానికి పై జాగ్రత్తలన్నియు వర్తించును.

చట్టమును గూర్చి ఒకమాట. భూమిలో దాగియుండి దొరకిన సొత్తు పదిరూపాయలకు మించిన విలువగలదైనచో కలెక్టరుగారికి తెలుపవలెనని 1878 నాటి నిధిచట్టము చెప్పుచున్నది. కుండలో దొరకిన నాణెముల మూటను ఊరివారు పంచుకొని యిండ్లకు తీసికొనిపోవుట నేరము మాత్రమే గాదు, శాస్త్రమునకును నష్టము. ఒకే కుండలోని నాణెములు ఒకదానినొకటి వివరించును. పంచుకొన్న మరుక్షణమున ఆ వివరణ పోవును. విజయవాడ బందరురోడ్డున విక్టోరియా జూబిలీ భవనమున్నది. 1887 లో దానికి పునాదిరాయి పడినది. 1921 లో పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు జాతీయపతాకపు నమూనాను చూపిన కాంగ్రెసు సమావేశములతో దాని పేరు ముడివడియున్నది. నేడది బాపు మ్యూజియము. దొరకిన వస్తువును ఎవరికి చూపవలెనో తెలియని గ్రామస్థుడు అచ్చటి పురావస్తు శాఖవారి నడుగవచ్చును.

గ్రంథాలయమునకు ఇదివరకే చేరిన బిళ్లలకు వెంటనే చేయదగినది సులభము. ఒక్కొక్క దానికి ఒక్కొక్క చిన్న సంచి. సంచిలో బిళ్ల, సంచిపై సంఖ్య. ఆ సంఖ్యకు ఎదురుగ పుస్తకములో తూకము, కొలత, దొరకిన చోటు, తెచ్చినవారి పేరు, తెచ్చిన తేదీ, అప్పుడెట్లున్నదో రెండు పంక్తులు. ఏటేట వానకాలము వెళ్లిన పిమ్మట, ఆశ్వయుజమున, డబ్బా తెరచి ఒక్కొక్కటిగ చూచి, క్రొత్తగా లేతపచ్చచుక్క కనబడెనో లేదో ఆ పంక్తుల క్రింద వ్రాయవలెను. చుక్క కనబడినదానిని ఆనాడే వేరు డబ్బాకు మార్చవలెను.